మద్దెల నిజంగానే ఓడైతే?

"టెక్నికల్‌గా కుర్రాడు బంగారం. కమ్యూనికేషనే కాస్త వీకు."

మన పరిశ్రమలో ఈ వాక్యం వినని తెలుగువాడు ఎవరైనా ఉంటే చూపించండి, దణ్ణం పెడతాను. క్యాంపస్ ఇంటర్వ్యూలో ఇదే మాట, అప్రైజల్లో ఇదే మాట, ఆన్‌సైట్ లిస్టులోంచి పేరు కొట్టేసేటప్పుడూ ఇదే మాట. రోగం ఒకటే, వైద్యమూ ఒకటే: 'వాయిస్ అండ్ యాక్సెంట్' క్లాసు. నోటి ముందు కాగితం పట్టుకుని 'పెన్' అనమంటారు. కాగితం కదిలితే పాసు, కదలకపోతే ఫెయిలు. ఇద్దరు పిల్లల తండ్రి, డేటాబేసు చచ్చిపోతే అర్ధరాత్రి లేచి బతికించగలిగినవాడు, ఆ కాగితం ముక్క ముందు నిలబడి ఉఫ్ ఉఫ్ అని ఊదుతుంటాడు. చూస్తే ముందు నవ్వొస్తుంది, ఆనక ఒళ్ళు మండుతుంది.

నేను చెప్పదల్చుకున్నది ముందే చెప్పేస్తా, తిట్టేవాళ్ళకి తేలిగ్గా ఉంటుంది. మనవాళ్ళ ఇంగ్లీషులో సగం గొడవ నోటిది కాదు, చెవిది. చెవి గొడవలో సగం తెలివిది కాదు, రొదది. మనం ఇంగ్లీషు ధ్వనులు నేర్చుకున్నదీ రొదలోనే, ఇప్పుడు వాడుతున్నదీ రొదలోనే. ఆ రొదని అలాగే ఉంచి నాలుకని పట్టుకుని సాగదీస్తే లాభం సున్నా.

"ఆడలేక మద్దెల ఓడన్నాట్ట నీలాంటివాడే" అని మీరు అనబోతున్నారని తెలుసు. బానే ఉంది సామెత. కానీ ఆ సామెత వాడేవాళ్ళలో ఒక్కరైనా మద్దెలని తిప్పి చూశారా? అది నిజంగానే ఓడైతే?

మొదట చెవి సంగతి. 1984లో కెనడాలో జానెట్ వెర్కర్, రిచర్డ్ టీస్ అనే ఇద్దరు శాస్త్రవేత్తలు ఒక ప్రయోగం ప్రచురించారు. మన దేశపు శబ్దాలతోనే చేశారు లెండి, హిందీలోని త, ట లతో. ఇంగ్లీషు ఇళ్ళలో పుట్టిన ఆరు నుంచి ఎనిమిది నెలల పిల్లలు ఆ రెండిటికీ తేడా చక్కగా పట్టేశారు. పది, పన్నెండు నెలలు వచ్చేసరికి ఆ పిల్లల్లో చాలామందికి ఆ తేడా వినపడ్డం మానేసింది. చెవులు చెడిపోయి కాదు. ఇంట్లో ఆ తేడాతో పని లేదు కాబట్టి మెదడు ఆ ఫైలు మూసేసింది.

అంటే మీ క్లయింటు దొరగారికి 'తాత', 'టాటా' ఒకేలా వినిపిస్తే ఆయన మొద్దు అని ఎవరూ అనరు, అనకూడదు కూడా. అలాగే 'వెస్ట్', 'వెస్ట్' అని తెలుగులో రెండు సార్లు రాశాను చూడండి, అందులో ఒకటి పడమర, ఒకటి బనీను లాంటిది. ఏది ఏదో చెప్పగలరా? మన వకి ఉన్నది ఒక్కటే పెట్టె, వాళ్ళకి రెండు. ఆయనకి లేని పెట్టెలు మన దగ్గర ఉన్నాయి, మనకి లేనివి ఆయన దగ్గర ఉన్నాయి. లెక్క సరిపోయింది కదా! కానీ 'త' పలకలేదని ఆయన్ని ఎవరూ ఏ క్లాసుకీ పంపలేదు.

ఇప్పుడు దీనికి రొద కలపండి. 1955లో మిల్లర్, నైస్లీ అనే ఇద్దరు ఇంగ్లీషు హల్లులని రొదలో వినిపించి, ఏది ఏదిగా వినపడుతుందో పట్టికలు వేశారు. వాళ్ళు విన్నది సొంతభాషే, అయినా తికమకపడ్డారు. మ, న లాంటి ముక్కు శబ్దాలకీ మిగతావాటికీ ఉన్న తేడా రొదలో కూడా బానే నిలబడింది. ప కీ బ కీ ఉన్న తేడా కూడా నిలబడింది. ముందుగా కొట్టుకుపోయింది, శబ్దం నోట్లో ఎక్కడ పుట్టిందన్న సమాచారం. అంటే ప, త, క లు ఒకదాంట్లో ఒకటి కలిసిపోయాయి.

దీనికి ఫోను తోడైతే గోరుచుట్టు మీద రోకటిపోటే. మనం ఇంజనీర్లం కాబట్టి లెక్క సూటిగా చెప్పుకుందాం. పాత టెలిఫోను లైను మోసేది సుమారు 300 నుంచి 3400 హెర్ట్జ్ వరకే. సెకనుకి 8000 శాంపిళ్ళు, నైక్విస్ట్ సూత్రం ప్రకారం 4000 దాటి ఏదీ రాదు. ఇంగ్లీషు 'ఎస్' బుసలో ఎక్కువ భాగం ఉండేది ఆ 4000 పైనే. అంచేత ఫోన్లో 'ఎఫ్', 'ఎస్' దాదాపు కవలపిల్లలు. విమానాల రేడియోలో అక్షరాన్ని నమ్మకుండా 'ఫాక్స్‌ట్రాట్', 'సియెర్రా' అని మాటలు పెట్టుకున్నది ఈ తలనొప్పి భరించలేకే. ఆ వర్ణమాల 1956 నుంచి అమల్లో ఉంది. పుట్టుకతో ఇంగ్లీషు మాట్లాడే పైలట్లూ అదే వాడతారు. వాళ్ళకి మాత్రం 'మీ ఉచ్చారణ వీకు' అని ఎవరూ చెప్పలేదు. లైను పాడు అని ఒప్పుకుని, లైనుకి తగ్గ పద్ధతి కనిపెట్టారు. మన దగ్గరికి వచ్చేసరికి లైను మంచిది, మనిషి పాడు!

ఇంకో పీటముడి ఉంది, ఇది అచ్చంగా మన తెలుగువాళ్ళది. మనది అజంత భాష. మాట చివర అచ్చు లేకపోతే మనకి తోచదు. బస్ ని బస్సు చేస్తాం, బల్బ్ ని బల్బు చేస్తాం. అందులో తప్పేమీ లేదు, అది మన భాష సొగసు. కానీ ఆ అలవాటు వల్ల మన చెవి, హల్లుని దాని తర్వాత వచ్చే అచ్చు ఆసరాతో పట్టుకోవడం నేర్చుకుంది. ఇంగ్లీషువాడు తన వ్యాకరణం సగం తీసుకెళ్ళి ఆ చివరి హల్లు మీదే వేలాడదీశాడు. బహువచనం ఒక బుస. భూతకాలం ఒక 'డ్' లేదా 'ట్'. 'కెన్' కీ 'క్యాంట్' కీ మధ్య తేడా ఒక్క పొల్లు ట, అమెరికావాడు దాన్నీ గొంతులోనే మింగేస్తాడు. రొద మొట్టమొదట మింగేది కూడా ఆ చివరి ముక్కల్నే. అంటే మన చెవి ఎక్కడ బలహీనమో, ఫోను సరిగ్గా అక్కడే కోసేస్తుంది. ఇక "వియ్ క్యాంట్ రిలీజ్ టుడే" అని అవతలివాడంటే, ఇవతల నలుగురూ రిలీజుకి రంగం సిద్ధం చేస్తారు. నేను చూసిన ఒక కాల్లో 'ఫిఫ్టీ' సర్వర్లా, 'ఫిఫ్టీన్' సర్వర్లా అన్నది తేలడానికి మూడు ఈమెయిళ్ళు పట్టింది. అందులో ఒకటి అవతలివైపు వాళ్ళలో వాళ్ళే రాసుకున్నది. వాళ్ళకీ వినపడలేదన్నమాట :)

"రొద అందరికీ ఒకటేగా, మరి దొరలకి వినపడి మనకెందుకు వినపడదు?" మంచి ప్రశ్న. జవాబు కూడా ఉంది. 2004లో ఆన్ కట్లర్ బృందం, ఇంగ్లీషు బాగా వచ్చిన డచ్చివాళ్ళకీ అమెరికన్లకీ ఇంగ్లీషు అక్షరాలు విడివిడిగా, మూడు స్థాయుల రొదలో వినిపించింది. రొద పెరిగేకొద్దీ ఇద్దరి మార్కులూ ఇంచుమించు ఒకే మేరకి తగ్గాయి. అంటే రొద డచ్చివాడి చెవిని ప్రత్యేకంగా పగబట్టలేదు. తేడా వచ్చేది ఆ తర్వాత. పోయిన ముక్కని సందర్భాన్ని బట్టి పూడ్చుకోవడంలో. 1997లో మేయో, ఫ్లోరెంటీన్, బూస్ చేసిన ప్రయోగంలో, 14 ఏళ్ళు దాటాక ఇంగ్లీషు నేర్చుకున్న స్పానిష్ వాళ్ళు, ఆరేళ్ళ లోపే నేర్చుకున్నవాళ్ళకన్నా తక్కువ రొదకే చేతులెత్తేశారు. వాక్యం చివరి మాటని ఊహించడానికి సందర్భం అందించినా, దానివల్ల వాళ్ళకి కలిగిన లాభం తక్కువే.

ఇది మనకి అనుభవమే. కిక్కిరిసిన ఆర్టీసీ బస్సులో, ఇంజను హోరులో, కండక్టరు వెనకనించి గొణిగే మాటలో సగం కూడా చెవిన పడవు. అయినా చిల్లర అడుగుతున్నాడని మనకి తెలుసు. ఆ సగాన్ని పూడ్చేది చెవి కాదు, పాతికేళ్ళ తెలుగు. మన ఇంగ్లీషు బ్యాంకు ఖాతాలో అంత నిల్వ లేదు. అందుకని వచ్చిన ప్రతి శబ్దానికీ మెదడు రొక్కం చెల్లించాలి. గంట కాల్ అయ్యాక తల దిమ్మెక్కేది అందుకే. ఆ దిమ్ములో అడిగిన ప్రశ్నకి రెండు సెకన్లు ఆలస్యంగా జవాబిస్తే దాని పేరు 'కాన్ఫిడెన్స్ లేదు'.

ఇక మన ఆఫీసుల వైభవం చూద్దాం. ఓపెన్ ఆఫీసు. పక్కవాడు గట్టిగా మాట్లాడుతుంటాడు కాబట్టి వీడూ గొంతు పెంచుతాడు, వీణ్ణి చూసి ఇంకొకడు. రొదలో మనిషి తనకి తెలీకుండానే గొంతు పెంచుతాడని ఎతియెన్ లొంబార్ 1911లోనే చెప్పాడు, నూరేళ్ళు దాటింది. లేదా అద్దాల గది: నాలుగు వైపులా గాజు, కింద రాయి, మధ్యలో ఒక్క స్పీకర్ ఫోను, చుట్టూ ఎనిమిదిమంది, నెత్తిన ఏసీ గుర్రు. మాట గాజుకి తగిలి తిరిగొచ్చి తర్వాతి మాట మీద పడుతుంది. అవతల క్లయింటు కారు నడుపుతూ మాట్లాడుతుంటాడు. ఇదీ మన 'లిజనింగ్ స్కిల్స్' పరీక్ష హాలు.

మా టీములో శ్రీకాకుళం నుంచి వచ్చిన ఒకతను ఉండేవాడు. కాల్లో నోరు విప్పడని పేరు. రెండేళ్ళు వరసగా అదే రేటింగు, రెండు సార్లు అదే కాగితం ఊదుడు క్లాసు. తర్వాత ఎవరూ దొరక్క అతన్నే ఆన్‌సైట్ పంపారు. అక్కడ ఎదురుగా కూర్చుని మాట్లాడేసరికి మూడో వారానికల్లా క్లయింటు ఇతని పేరే అడిగేవాడు. మనిషి మారలేదు, యాస మారలేదు. మారినవి రెండే, గది నిశ్శబ్దం, కళ్ళ ముందు ఎదుటివాడి పెదాలు. పెదాలు కనిపిస్తే రొదలో మాట ఎంతో మెరుగ్గా అందుతుందని సంబీ, పొల్లాక్ 1954లోనే కొలిచి చూపించారు. మన పాత మేనేజరు మాత్రం "చూశావా, అక్కడికెళ్ళాక నేర్చుకున్నాడు" అన్నాడు. ఏం చెప్తాం!

సరే, ఆఫీసు వదిలి ఇంకాస్త వెనక్కి వెళ్దాం. మనం ఈ ధ్వనులు మొదట ఎక్కడ విన్నాం? రేకుల కప్పు కింద, అరవై మంది ఉన్న తరగతిలో, పక్క సెక్షను ఎక్కాలు గోడ దాటి వస్తుండగా, టకటకమనే ఫ్యాను కింద. తరగతి గదిలో పాఠం జరిగేటప్పుడు నేపథ్య శబ్దం 35 డెసిబెల్స్ మించకూడదని ప్రపంచ ఆరోగ్య సంస్థ 1999లో చెప్పింది. టీచరు గొంతు రొదకన్నా కనీసం 15 డెసిబెల్స్ పైన ఉండాలంది. మన దేశంలో 2000 నాటి శబ్ద కాలుష్య నిబంధనలు బడి చుట్టూ 100 మీటర్లు నిశ్శబ్ద మండలం అంటాయి. పగలు 50 డెసిబెల్స్ హద్దు. మీ ఊరి బడి ముందు నిలబడి, ఒక్క ఆటో హారన్ విని, ఆ నిబంధన గుర్తు చేసుకుని నవ్వుకోండి.

ఇది చిన్న విషయం అనుకునేవాళ్ళకి న్యూయార్కు సంగతులు రెండు. హైవే మీద కట్టిన ఎత్తైన అపార్టుమెంట్లలో పిల్లల్ని 1973లో పరీక్షించారు. కింది అంతస్తుల్లో, ఎక్కువ రొదలో ఏళ్ళ తరబడి పెరిగినవాళ్ళు దగ్గర దగ్గరగా వినపడే మాటల మధ్య తేడా పట్టడంలో వెనకబడ్డారు, చదవడంలోనూ వెనకబడ్డారు. 1975లో ఆర్లీన్ బ్రాన్‌జాఫ్ట్, డెనిస్ మెకార్తీ రైలుకట్ట పక్కనున్న ఒక బడిని పరిశీలించారు. రైలు వైపు గదుల్లోని పిల్లలు అవతలివైపు గదుల పిల్లలకన్నా చదువులో వెనకున్నారు. పట్టాలకీ గదులకీ శబ్ద నివారణ ఏర్పాట్లు చేశాక ఆ తేడా పోయిందని 1981లో మళ్ళీ ప్రచురించారు. గమనించండి, ఆ పిల్లల్ని ఏ 'యాక్సెంట్' క్లాసుకీ పంపలేదు.

మన దగ్గర? 2019 నవంబరులో ఆంధ్రప్రదేశ్‌లో ప్రభుత్వ బడులన్నీ ఇంగ్లీషు మీడియం చేస్తూ ఉత్తర్వు వచ్చింది, 2020 ఏప్రిల్లో హైకోర్టు దాన్ని కొట్టేసింది. ఆ మధ్యలో ఎంత రభస! మాతృభాష అని ఒక పక్క, ఉద్యోగాలని ఇంకో పక్క. ఇద్దరి వాదనలోనూ సత్తా ఉంది, నేనిప్పుడు అందులో దూరను. కానీ వెనక బెంచీలో కూర్చున్న పిల్లకి, ఎప్పుడూ వినని కొత్త శబ్దం అసలు చెవిన పడుతుందా అని ఆ రభసలో నాకైతే ఒక్క గొంతూ వినపడలేదు. రొదలో మాట పోల్చుకోవడం పిల్లలకి పెద్దవాళ్ళకన్నా కష్టం. ఇంట్లో వినని భాషైతే మరీను. టీచరు 'షిప్' అందో 'చిప్' అందో తేలక, ఆ పిల్ల తనకి తోచిన పెట్టెలో పడేస్తుంది. పదిహేనేళ్ళ తర్వాత మనం ఇంటర్వ్యూలో ఆ పెట్టె తెరిచి చూసి "వీకు" అంటాం. ఆ ఇంటర్వ్యూ కూడా హాస్టలు వరండాలో, సిగ్నలు అందని సెల్‌ఫోన్లో!

ఇక్కడ ఒక అభ్యంతరం న్యాయంగానే వస్తుంది. "క్లయింటు ఎలాగూ రొదలోనే మాట్లాడతాడు. నీళ్ళలో దిగకుండా ఈతొస్తుందా?" ఒప్పుకుంటా. రొదలో నేర్చుకోవడం అసాధ్యమేమీ కాదు. స్పానిష్ వాళ్ళకి ఇంగ్లీషు హల్లుల్ని కావాలనే రొద కలిపి నేర్పిన ప్రయోగాలున్నాయి, వాళ్ళు నేర్చుకున్నారు కూడా. కానీ తేడా చూడండి. అక్కడ రొద కొలిచి కలిపింది. విన్నది ఏమిటో చెప్పగానే తప్పో ఒప్పో అప్పటికప్పుడు తేల్చారు. మళ్ళీ వినిపించారు. అది ఈతకొలను. మన కాన్ఫరెన్సు కాల్ వరదొచ్చిన గోదావరి. నాలుగోసారి "సారీ, కెన్ యు రిపీట్" అంటే రేటింగు పోతుందని అందరూ విన్నట్టే తలూపుతారు. తప్పో ఒప్పో చెప్పేవాడు లేని చోట చెవి నేర్చుకునేది ఏమీ ఉండదు, ఒక్క తలూపడం తప్ప.

"పెద్దయ్యాక చెవి మారదు, అందుకే నోరన్నా దిద్దుతున్నాం" అనేవాళ్ళకి ఆఖరి అస్త్రం. జపాన్ వాళ్ళకి ఇంగ్లీషు ర, ల ల తేడా వినపడదని లోకప్రసిద్ధం. 1991లో లోగన్, లైవ్లీ, పిసోని జపాన్ పెద్దవాళ్ళకి రకరకాల గొంతుల్లో ర, ల మాటలు వినిపించి, ప్రతిసారీ తప్పొప్పులు చెప్తూ కొన్ని వారాలు శిక్షణ ఇచ్చారు. తేడా వినపడ్డం మెరుగైంది. ఒకే గొంతుతో నేర్పితే ఆ గొంతుకి పనికొచ్చింది గానీ కొత్త గొంతుకి పనికిరాలేదని 1993లో తేల్చారు. అసలు చమత్కారం 1997లో. బ్రాడ్‌లో, పిసోని బృందం ఇదే చెవి శిక్షణ ఇచ్చి, ముందూ వెనకా వాళ్ళ ఉచ్చారణ రికార్డు చేసింది. అమెరికన్లకి వినిపిస్తే శిక్షణ తర్వాతి ఉచ్చారణే మెరుగన్నారు. నోటికి ఒక్క పాఠం చెప్పలేదు. కాగితం ఊదించలేదు. చెవి బాగుపడితే నోరు దాని వెనకాలే నడిచింది. ఎద్దుని బండి వెనక కట్టి, బండి కదలట్లేదని ఎద్దుని కొడుతున్నాం మనం.

ఇప్పుడు మన యాసని అప్పటికప్పుడు మార్చేసే సాఫ్ట్‌వేరు కూడా వచ్చింది. మన దేశపు కాల్ సెంటర్లలో దాన్ని వాడుతున్నారని 2025లో వార్తలు చదివాం. తయారుచేసినవాళ్ళ తెలివికి జోహార్లు. కానీ అది ఎవరి చెవి సుఖం కోసం? అవతలివాడి చెవి కోసం. మన చెవిలో పడే మాట గురించి ఇంత కంగారు ఎవరైనా పడ్డారా? సంభాషణలో రెండు జతల చెవులుంటాయన్న సంగతి బడ్జెట్లో కనపడదు.

ఊరికే తిట్టి పోను. చేయాల్సినవి పెద్ద ఖర్చు కూడా కావు. అద్దాల గదిలో కింద తివాచీ, గోడకి ఒక తెర వేయండి. ఎనిమిదిమందికి ఒక స్పీకరు బదులు తలకొక మంచి హెడ్‌సెట్ ఇవ్వండి. నెట్ కాల్ ఉండగా ఫోన్ నంబరు డయల్ చేసి చేరడం మానండి, అలా చేరగానే మళ్ళీ ఆ 3400 ఇరుకుసందులో పడతాం. 7000 హెర్ట్జ్ దాకా మోసే జీ.722 ప్రమాణం 1988లోనే వచ్చింది, ఓపస్ 2012లో వచ్చింది, వాటిని వాడుకోవడానికి ముహూర్తం అక్కర్లేదు. ముఖ్యమైన కాల్స్‌లో రెండు వైపులా కెమెరా పెట్టించండి. అంకెలూ అవునూ కాదులూ చాట్‌లో రాసి ఖాయం చేసుకోవడం క్లయింటుకీ మనకీ రూలు చేయండి, పైలట్లు చేసుకోలేదూ? శిక్షణ ఇవ్వాలనుంటే రోజుకి పావుగంట చెవికి ఇవ్వండి: పదిమంది గొంతులు, ముందు నిశ్శబ్దంలో, ఆనక కొలిచి కలిపిన రొదలో, ప్రతిసారీ తప్పొప్పులు చెప్తూ. దానికో చిన్న ప్రోగ్రాం రాయడం మనకి ఒక వారాంతం పని.

మేనేజరు మహాశయులకి ఒక్క విన్నపం. ఈసారి ఎవరి పేరు ఎదురుగానైనా 'కమ్యూనికేషన్ వీకు' అని రాసేముందు, ఆ మనిషి కూర్చునే కుర్చీలో కూర్చుని, ఆ మనిషి వాడే హెడ్‌సెట్ పెట్టుకుని, అరగంట కాల్ వినండి. తర్వాత కూడా రాయాలనిపిస్తే రాయండి. కాకపోతే ఎవరి గురించి రాస్తున్నారో, మనిషి గురించో మద్దెల గురించో, అప్పటికి మీకే తెలిసిపోతుంది.